ఉగ్గుగిన్నె, రబ్బరు బ్యాండ్ల సీసా

చిక్కడపల్లి,
హైదరాబాద్.

చిన్నీ,

నిన్న ఫోన్లో అన్నావు కదా, "సోమవారం నుంచి ఆఫీసుకి పోతున్నా పెద్దమ్మా, ఇంట్లో ఉంటే అమ్మ అన్నీ టైముకి చేతికిస్తోంది, బయట పడితే ఏం తినాలో ఏం తాగాలో తెలియట్లేదు" అని. ఫోన్లో చెప్తే సగం నేను మర్చిపోతా, సగం నువ్వు మర్చిపోతావు. అందుకే రాస్తున్నా.

ముందే ఒక మాట. ఇద్దరం బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళమే, కానీ నాది స్లీవ్, నీది బైపాస్ (గుండెది కాదు, పొట్టది). నాకు పొట్టలో ముప్పాతిక వంతు పైనే కోసి తీసేసి అరటిపండంత గొట్టం మిగిల్చారు. నీకేమో పైన చిన్న సంచి చేసి పేగుని తెచ్చి దానికి కలిపారు. మొదట్లో ఆ సంచిలో 30 మిల్లీలీటర్లు పడితే గొప్ప. కాబట్టి నాకు సరిపడేవన్నీ నీకు సరిపడకపోవచ్చు. నా ఉత్తరానికీ మీ డైటీషియన్ ఇచ్చిన కాగితానికీ తేడా వస్తే కాగితాన్నే నమ్ము. తొమ్మిదేళ్ళుగా ఈ పొట్టతో బస్సుల్లో, బ్యాంకులో, పెళ్ళిళ్ళలో తిరిగిన దాన్ని కాబట్టి నాకు తెలిసినవి రోడ్డు మీది సంగతులే.

నేను చేసిన తప్పుతో మొదలుపెడతా. మొదటి ఏడాది బుద్ధిగా ఉన్నా. రెండో ఏడాది నుంచి, సాయంత్రం బ్యాంకు మూశాక అందరితో కలిసి అబిడ్స్‌లో ఇరానీ హోటల్‌కి పోవడం మొదలైంది. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. "రెండేగా" అనుకునేదాన్ని. కొన్నాళ్ళకి నాలుగయ్యాయి. ఒకరోజు లెక్కపెడితే ఆరు తిన్నాను! మధ్యాహ్నం ఒక గుడ్డు తింటే ఇక చాలు బాబోయ్ అనిపించే పొట్టలో సాయంత్రానికి ఆరు బిస్కెట్లు ఎట్లా పట్టాయి? చాయ్‌లో ముంచితే బిస్కెట్ పిండి ముద్దయి జారిపోతుంది. పొట్టలో ఆగదు, నిండినట్టు ఉండదు. ఏడాదిన్నర తిరిగేసరికి 11 కిలోలు తిరిగొచ్చాయి. ఆపరేషన్ పాడైందేమోనని ఏడ్చుకుంటూ పోతే డైటీషియన్ అన్నీ పరీక్షించి, "మీ పొట్ట బానే ఉందమ్మా, మీ చాయ్ టైమే బాలేదు" అంది.

అప్పటి నుంచి నాదొకటే కొలత. గొంతులోంచి హాయిగా జారిపోయేదాన్ని అనుమానించు. మురుకులు, మరమరాలు, చిప్స్, రస్కులు, బిస్కెట్లు అన్నీ ఆ జాతే. నమిలి నమిలి తినాల్సి వచ్చేవి, నాలుగు చెంచాలకే చాలనిపించేవి మనవి. గుడ్డు, పనీరు, పప్పు, చేప, కోడి. రోజుకి 60 గ్రాములు తక్కువ కాకుండా ప్రోటీన్ పడాలని నీకూ చెప్పే ఉంటారు. మూడు పూటల్లో అది పూర్తవదు. అందుకే బ్యాగులో డబ్బా. నోరూరి తినడానికి కాదు, లెక్క తప్పకుండా ఉండటానికి.

ఇక గడియారం సంగతి. తింటూ తాగకూడదు, తిన్నాక అరగంట దాకా తాగకూడదు. ఇంట్లో ఇది తేలికే, బయటే కష్టం. మన దగ్గర టిఫిన్ అంటే పక్కన చాయ్ గ్లాసు ఉండాల్సిందే కదా. నీ ప్రయాణం నేను లెక్కేశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగుతావు. ఇంట్లో నింపాదిగా అరగంట కూర్చుని తిను, తర్వాత బయల్దేరు. మెట్రోలో తినడం ఎట్లాగూ నిషేధం, అది మనకి మేలే చేసింది. అమీర్‌పేట చేరేసరికి అరగంట దాటిపోతుంది, అక్కడి నుంచి గుక్క గుక్క నీళ్ళు. పదిన్నరకి డబ్బా తియ్యి. పదకొండున్నరకి మళ్ళీ సీసా. ఇదే వరస సాయంత్రం దాకా. మొదటి వారం ఫోన్లో అలారం పెట్టుకో, సిగ్గుపడకు.

నీళ్ళ విషయంలోనే ఎక్కువమంది దెబ్బ తింటారు. ఆపరేషన్ అయినవాళ్ళు మళ్ళీ ఆస్పత్రిలో చేరడానికి ఒంట్లో నీరు తగ్గిపోవడం ఒక పెద్ద కారణం. ఇకముందు లోటా ఎత్తి గటగటా తాగే రోజులు లేవు. హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండల సంగతి చెప్పక్కర్లేదు. లీటరున్నర నుంచి రెండు లీటర్లు, అదీ గుక్కల్లో తాగాలంటే దానికో పద్ధతి కావాలి. నా పద్ధతి చూసి బ్యాంకులో అందరూ నవ్వేవాళ్ళు. 600 మిల్లీలీటర్ల స్టీలు సీసా. కొత్తిమీర కట్టకి వచ్చే రబ్బరు బ్యాండ్లు మూడు తీసి సీసా మెడకి వేస్తా. ఒకసారి ఖాళీ అయితే ఒక బ్యాండు కిందికి జరుపుతా. ఇల్లు చేరేసరికి మూడూ అడుక్కి రావాలి. ఏదైనా పైనే ఉండిపోతే పడుకునేలోపు దాని బాకీ తీర్చాలి.

కొన్నాళ్ళు ఉత్త నీళ్ళు నోటికి ఇనుములా అనిపిస్తాయి. నాకూ అంతే, కొందరికి రుచి మారుతుంది. అప్పుడు రెండు నిమ్మ చెక్కలు వేసుకో, లేకపోతే జీలకర్ర కాచిన నీళ్ళు. పల్చటి మజ్జిగ, ఉప్పు, కాస్త వాము వేసి. చిన్న ఫ్లాస్కులో వేడి చారు పోసుకుపో, పప్పు మీది తేట కలిపి కాచిన కట్టుచారు ఇంకా మంచిది. నాలుగింటికి ఏసీ గదిలో కూర్చుని మూత నిండా పోసుకుని తాగితే చాయ్ గుర్తుకు రాదు. (అబద్ధం. గుర్తుకొస్తుంది. కానీ ఓర్చుకోవచ్చు.) చాయ్‌కి నీ డాక్టరు ఒప్పుకున్నాక చక్కెర లేకుండా అరకప్పు తాగు, తినేదానితో కలపకు, ఐరన్ మాత్ర వేసుకునే వేళకి దూరంగా ఉంచు. చాయ్ పక్కనుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య కూడా రెండు గంటలు ఎడం ఉండాలి.

సోడాలు, కూల్‌డ్రింకులు, గోలీసోడాతో సహా, వద్దు. గ్యాసు ఆ చిన్న సంచిలో ఉబ్బి నరకం చూపిస్తుంది. కొబ్బరిబోండాం అందరూ మంచిదంటారు, మంచిదే, కానీ అందులోనూ చక్కెర ఉంటుంది. ఒక బోండాం ఒక్కసారి లాగించకు, సీసాలో పోయించుకుని గంటసేపు తాగు. చెరకురసం బండి కనబడితే మాత్రం రోడ్డు దాటి అవతలికి పో. నీలాంటి బైపాస్ వాళ్ళకి తీపి నేరుగా పేగులోకి దూకుతుంది. పది నిమిషాల నుంచి అరగంటలోపు గుండె దడ, చెమటలు, కడుపులో మెలిక, విరేచనం. దాన్నే డంపింగ్ అంటారు. కొందరికి అప్పుడేం కాదు, గంట నుంచి మూడు గంటల తర్వాత షుగర్ ఒక్కసారిగా పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఆ అవస్థ ఎందుకు నీకు? బాదంపాలు, లస్సీ, ఫ్లేవర్డ్ మిల్క్, జ్యూస్ సెంటర్‌లో "షుగర్ లేకుండా" అని చెప్పి చేయించుకునే సపోటా జ్యూస్, అన్నీ ఆ చెరకురసం చుట్టాలే.

ఎండకి నీరసం వచ్చిందని మెడికల్ షాపులో రంగు డబ్బా కొనుక్కునే ముందు వెనక తిప్పి చదువు. ఓఆర్‌ఎస్ (ఒంట్లో నీరు తగ్గితే తాగించే మందు నీళ్ళు) అని పేరు పెట్టి చక్కెర పానీయాలు అమ్మేవాళ్ళు. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దానిమీద కొట్లాడితే, 2025 అక్టోబర్‌లో ఆహార పదార్థాల మీద నిఘా ఉంచే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు అట్లా వాడొద్దని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములే. ఆ అంకె గుర్తుంటే షాపు ముందు నిలబడి నువ్వే తేల్చుకోగలవు. అసలుదైనా డాక్టరు చెప్తేనే.

ఇప్పుడు డబ్బాలోకి వద్దాం. ఆపరేషన్ అయిన మూడో నెలలో అనుకుంటా, నారాయణగూడలో బస్సెక్కా. డబ్బాలో ఉడికించిన గుడ్డు, రెండు చెక్కలు చేసి. పక్కన కూర్చున్నావిడ తేరిపార చూస్తుంటే మొహమాటపడి పచ్చసొన గబుక్కున మింగేశా. రెండు నిమిషాలకి రొమ్ము మధ్యలో ఎవరో బొటనవేలు పెట్టి అదిమినట్టయింది. నోట్లో నీళ్ళూరడం మొదలై తెల్లటి నురగ, మింగుదామంటే పోదు, ఆపుదామంటే ఆగదు. నీళ్ళు తాగితే దిగుతుందేమోనని రెండు గుక్కలు పోశా. అడ్డుపడిన గొట్టంలో పైనుంచి నీళ్ళు పోస్తే ఎక్కడికి పోతాయి? పైకే. హిమాయత్‌నగర్‌లో దిగి, గోడ పక్కకి పోయి, కొంగు అడ్డం పెట్టుకుని... ఇక వద్దులే. ఆ పచ్చసొన మీద ఇప్పటికీ నాకు కోపమే.

ఆ రోజు నుంచి పొడిగా ఉన్నదేదీ నా డబ్బాలో లేదు. గుడ్డుని ఫోర్కుతో మెత్తగా మెదిపి, రెండు చెంచాల పెరుగు, మిరియాల పొడి, ఉప్పు కలుపుతా. ఒక గుడ్డులో 6 గ్రాముల ప్రోటీన్, ఒక్క ముద్ద కూడా గొంతులో పట్టుకోదు. పెరుగుని గుడ్డలో కట్టి రాత్రంతా వేలాడదీస్తే చిక్కగా వస్తుంది, దాంట్లో పుట్నాల పొడి కలుపు. ఇది నీకిప్పుడే పనికొస్తుంది. పుట్నాలు గింజలుగా, పల్లీలు, మొలకలు మాత్రం నీ రెండు నెలల పొట్టకి తొందర, డైటీషియన్ సరే అన్నాకే. తర్వాతైనా పల్లీలు గుప్పెడు దాటకూడదు. 30 గ్రాముల్లో ప్రోటీన్ 7 గ్రాములున్నా కేలరీలు 170 దాకా ఉంటాయి. ఇంట్లో పాలు విరగ్గొట్టి చేసిన పనీరు మెత్తగా ఉంటుంది. కొత్తిమీర వేసి చిదిపి పెట్టుకో. అలసందలు, శనగలు మెత్తగా, తోలు చిట్లేదాకా ఉడికించి గుగ్గిళ్ళు. నూనె లేని పెసరట్టు రూపాయి బిళ్ళలంత ముక్కలు. కోడి కావాలంటే పొడి ముక్కలు కాదు, తడి కీమా.

ఎండాకాలం గుడ్డు, పెరుగు, పనీరు బయట గంటకి మించి ఉంచకు, డబ్బా పక్కన ఐసు ప్యాకెట్ పెట్టుకుని, ఆఫీసు చేరగానే ఫ్రిజ్‌లో పెట్టెయ్. ఏది చేసినా ఒక ఉగ్గుగిన్నెడే తీసుకుపో. పెద్ద డబ్బా ఉంటే పెద్దగా తినబుద్ధవుతుంది. చెంచా కూడా ఉగ్గు చెంచానే. ముద్దకీ ముద్దకీ మధ్య చెంచా కింద పెట్టు.

డబ్బా మర్చిపోయిన రోజూ వస్తుంది. కిరాణా కొట్లో సాదా పెరుగు కప్పు, ఉప్పు మజ్జిగ ప్యాకెట్ దొరుకుతాయి. టిఫిన్ బండి దగ్గర బ్రెడ్ లేకుండా ఒక్క గుడ్డు ఆమ్లెట్, నూనె తక్కువ వెయ్యమని చెప్పి. బ్రెడ్, అన్నం ముద్దగా అతుక్కుంటాయి, జాగ్రత్త. ప్రోటీన్ బార్ల కాగితం మీద ముందు చక్కెర చూడు, ఖర్జూరం ముద్దతో చేసినవి మిఠాయిలే. "షుగర్ ఫ్రీ" అన్నవాటిలో చక్కెరకి బదులు వేసే మాల్టిటాల్ ఉంటే గ్యాసు, విరేచనాలు రావచ్చు.

రంజాన్ వస్తే హలీం సంగతి అడుగుతావని నాకు తెలుసు. మన హలీంకి 2010లో జీఐ గుర్తింపు (ఇది ఈ ఊరి సొత్తే అనే ముద్ర) వచ్చిందని గొప్పలు చెప్పుకుంటాం, తినకుండా ఎట్లా? మాంసం, గోధుమ, పప్పు గంటలకొద్దీ దంచిందే కాబట్టి దిగడం బాగానే దిగుతుంది. నా కొలత ప్రకారం అనుమానించాల్సిందే. పైన తేలే నెయ్యి తీసేసి మూడు ఉగ్గు చెంచాలు. ఈ ఏడాది కాదు, వచ్చే ఏడాది. దావత్‌లలో "ఇంతేనా తినేది" అని బలవంతపెట్టేవాళ్ళతో వాదించకు, ప్లేటు చేతిలో పట్టుకుని తిరుగు, ఎవరూ లోపలికి తొంగి చూడరు. ఆఫీసు పార్టీలో మందు ముట్టుకోకు, మన ఒంట్లో అది తొందరగా ఎక్కుతుంది.

బ్యాగులో ఇంకో సంగతి. తలనొప్పి వచ్చిందని ఎవరో ఇచ్చిన ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోకు. బైపాస్ వాళ్ళకి సంచికి పేగు కలిపిన అతుకు దగ్గర పుండు పడొచ్చు. ఏ మాత్ర వేసుకోవచ్చో ముందే అడిగి ఆ స్ట్రిప్ పెట్టుకో. ఒక రోజంతా నీళ్ళు కూడా నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, మలం నల్లగా వచ్చినా, కడుపునొప్పితో గుండె దడగా ఉన్నా ఆఫీసు పని పక్కన పెట్టి ఆస్పత్రికి ఫోన్ చెయ్. వాంతులు రోజుల తరబడి సాగితే విటమిన్ బీ1 పడిపోయి నరాలకే ముప్పు. "సర్దుకుంటుందిలే" అని మీ అమ్మ అంటే నాకు ఫోన్ ఇవ్వు.

ఆదివారం ఒకసారి ఇటు రా. నిన్న బేగంబజార్ పోయి మూత గట్టిగా ఉన్న చిన్న స్టీలు డబ్బా, ఉగ్గుగిన్నె, చెంచా కొన్నా. నీ పేరు చెక్కమంటే కొట్టతను చెక్కుతూ చెక్కుతూ, "ఎన్నో నెల అమ్మా పాపకి?" అన్నాడు.

"రెండో నెల" అన్నా.

ఇట్లు,
మీ పెద్దమ్మ