గ్రూపులో పెట్టిన ఆ మెసేజ్

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాకు 27 ఏళ్లు. ఒక హోల్‌సేల్ మందుల ఏజెన్సీలో ఐదేళ్లుగా బిల్లింగ్ చూస్తున్నాను. ఈ ఉద్యోగం ఇప్పించింది మా బాబాయే. మా నాన్నకు పెదనాన్న కొడుకు. 22 ఏళ్లుగా అక్కడే గోడౌన్ చూస్తున్నారు. ఆరు నెలల క్రితం ఓనర్ నన్ను స్టాక్‌కి కూడా ఇన్‌ఛార్జిని చేశారు. పోయిన నెల దగ్గు సిరప్ కార్టన్లు రెండు వెనక ఉండిపోయాయి. చూసేసరికి ఎక్స్‌పైరీకి మూడు నెలలే ఉంది. షాపులవాళ్లు తీసుకోం అన్నారు. నాకు ఒళ్లు మండి, స్టాఫ్ గ్రూపులో ఫొటో పెట్టి "ఇకమీదట ఇట్టి నిర్లక్ష్యము పునరావృతము కారాదు" అని రాశాను. ఓనర్‌ది ఒడియా. తెలుగు మాటలు కొంచెం తెలుసు గానీ చదవలేరు. ఒక కుర్రాడు దాన్ని అందరి ముందూ ఆయనకు ఒడియాలో చెప్పాడు. ఆ రోజు నుంచి బాబాయి నాతో మాట్లాడటం లేదు. పిన్ని మా అమ్మకు ఫోన్ చేసి ఏడ్చింది. వెళ్లి కాళ్లు పట్టుకోమని అమ్మ, ఉద్యోగం మానేయమని నాన్న. ఇంకో సంగతి. ఓనర్ కూడా నన్ను అందరి ముందే "నీకు శ్రద్ధ తగ్గిపోయింది" అంటారు. అదీ ఒడియాలో "తుమే" (నువ్వు) అని. కంపెనీ రెప్‌లు వస్తే మాత్రం "ఆపణ" (మీరు). నేను మాటలు పడాలి గానీ ఒక మాట అనకూడదా?

జవాబు: అనొచ్చమ్మా. అనాలి కూడా. ముందు ఎక్స్‌పైరీ అయ్యే సరుకు ముందు బయటికి వెళ్లాలన్నది మందుల వ్యాపారంలో మొదటి పాఠం. ఇన్‌ఛార్జి అయ్యాక కూడా ఆయన బాబాయి కదా అని మీరు నోరు మూసుకుని ఉంటే తప్పు మీదయ్యేది. కాబట్టి కాళ్లు పట్టుకోవడాలూ వద్దు, ఉద్యోగం మానేయడమూ వద్దు.

కానీ మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే నాకు ఒకటి తట్టింది. ఓనర్ మిమ్మల్ని అందరి ముందూ అన్నారని మీరు బాధపడ్డారు. మీరు బాబాయిని అన్నది ఎక్కడ? ఓనర్ "శ్రద్ధ తగ్గిపోయింది" అన్నారు. మీరు "నిర్లక్ష్యము" అన్నారు. రెండూ మనిషి మీద వేసిన ముద్రలే, చేసిన పని గురించి ఒక్క ముక్కా లేదు. అన్నట్టు, గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి, సొంత బాబాయికి అంత గ్రాంథికంలో రాశారేమిటి? సరదాకి అనడం లేదు. "పునరావృతము కారాదు" అన్నది నోటీసు బోర్డు భాష. నోటితో అనలేని మాటని అలాంటి భాష చాటున పెట్టి విసిరేస్తాం. ఎదుటి మనిషికి తగిలేది ఆ దూరమే.

1996లో అవ్రహం క్లూగర్, ఏంజెలో డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు, పనిలో తప్పొప్పులు చెప్పడం వల్ల ఏం జరుగుతుందన్న దాని మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు పోగేసి, 607 ఫలితాలు లెక్క కట్టారు. సగటున మేలే జరిగింది. కానీ మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో, చెప్పాక పనితీరు ఇంకా తగ్గింది. వాళ్లు చెప్పిన కారణం మీ ఇంటి గొడవకు సరిగ్గా సరిపోతుంది. మాట వినగానే మనిషి దృష్టి పని మీద ఉంటే బాగుపడుతుంది. "నా గురించి ఏమనుకుంటున్నారు" అన్న దాని మీదకు పోతే పని చెడుతుంది. ఆ రోజు బాబాయి మనసులో సిరప్ కార్టన్లు ఉన్నాయంటారా? నాకు నమ్మకం లేదు. "నేను చేయి పట్టుకుని తీసుకొచ్చిన పిల్ల నన్ను పదిమందిలో ఇలా అంది, దాన్ని ఇంకో కుర్రాడు ఒడియాలోకి మార్చి చదివాడు" అన్నదే ఉంటుంది.

ఇంకో ప్రశ్న అడుగుతాను. ఆ కార్టన్లు వెనక ఎందుకు ఉండిపోయాయో మీరు ఆయన్ని అడిగారా? ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. కార్టన్ మీద ఎక్స్‌పైరీ ఎంత చిన్న అక్షరాల్లో ఉంటుందో మీకు నాకంటే బాగా తెలుసు. 22 ఏళ్ల సర్వీసంటే ఆయనకు చత్వారం వచ్చే వయసే. కొత్త సరుకు దిగినప్పుడు పాతది ముందుకు లాగి, కొత్తది వెనక సర్దాలంటే నడుం వంచాలి, బరువు రెండుసార్లు ఎత్తాలి. చేతికింద కుర్రాడు ఉన్నాడా? గోడౌన్లో వెలుతురు సరిపోతోందా? నిజంగానే అశ్రద్ధ కూడా కావచ్చు. అడిగితే గానీ తెలియదు. అడిగాక, కార్టన్ దిగిన రోజే దాని మీద ఎక్స్‌పైరీ నెల, సంవత్సరం లావు మార్కర్‌తో రాద్దామని మీరిద్దరూ ఒక మాట అనుకుంటే సగం తగాదా అక్కడే తెగిపోతుంది.

మాట్లాడేది గోడౌన్లోనే. మధ్యాహ్నం భోజనాలయ్యాక, లోడింగ్ లేని వేళ చూసుకుని. వాళ్ల ఇంటికి వెళ్లి మాత్రం వద్దు. అక్కడ మీరు అన్న కూతురు, పిన్ని వంటింట్లోంచి వింటూ ఉంటుంది, స్టాక్ సంగతి నోట రాదు. ముందు రెండు పొగడ్తలు, మధ్యలో తప్పు, చివర ఇంకో పొగడ్త అని కొందరు నేర్పిస్తారు. ఆ పద్ధతి నాకు నచ్చదు. "మీ అంత అనుభవం ఎవరికుంది బాబాయ్" అని మొదలుపెట్టగానే ఆయన "కానీ" ఎప్పుడొస్తుందా అని చూస్తారు. ఆ పొగడ్త నిజమైనా అబద్ధమైపోతుంది. ఇలా అనండి: "బాబాయ్, ఆ సిరప్ రెండు కార్టన్లూ వెనక వరసలో ఉండిపోయాయి. షాపులవాళ్లు వద్దన్నారు. ఏం జరిగింది?" అని, ఆగిపోండి. ఆయన అయిదు నిమిషాలు తిట్టొచ్చు. తిట్టనివ్వండి.

ఇక ఓనర్ సంగతి. "తుమే" గురించి మరీ అంత టెన్షన్ వద్దు. మనకు నువ్వు, మీరు రెండే. ఒడియాలో తూ, తుమే, ఆపణ అని మూడు మెట్లు. తుమే మధ్యది. వయసులో చిన్నవాళ్లను, రోజూ కళ్ల ముందు తిరిగేవాళ్లను అలాగే పిలుస్తారు. దాన్ని మన "నువ్వు"లా విని నొచ్చుకుంటున్నారని నా అనుమానం. ఆయన "తూ" అంటే అప్పుడు ఉత్తరం రాయండి.

"శ్రద్ధ తగ్గింది" అన్నది మాత్రం వదలకండి. అది ఎవరికీ పనికిరాని మాట. దాంతో మీరు రేపు పొద్దున్న ఏం మార్చుకుంటారు? ఆయన ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లి, "ఏ బిల్లులో చూశారు సార్, ఏ రోజు?" అని అడగండి. వాదించేలా కాకుండా, పుస్తకం చేతిలో పట్టుకుని. చెప్పగలిగితే దిద్దుకోండి. చెప్పలేకపోతే ఆయనకే తెలుస్తుంది.

ఇలా అడగడం తేలిక కాదు. నేను కొత్తగా కౌన్సెలింగ్‌లో చేరినప్పుడు మా సీనియర్ మేడమ్, "వచ్చినవాళ్లు మాట్లాడుతుంటే నువ్వు తల మరీ ఊపుతున్నావు. నీకు తొందరగా ఉందనుకుంటారు" అన్నారు. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు ఊరికే లెక్కపెట్టుకుందామని చూస్తే, ఒకావిడ తన అత్తగారి సంగతి మొదలుపెట్టి ముగించేలోపు పదిహేడుసార్లు ఊపాను. ఆవిడ చెప్పిన సగం నా తలకెక్కలేదు. మేడమ్ మీద కోపం పోయిందా అంటే, పూర్తిగా పోలేదు. తల ఊపడం మాత్రం తగ్గింది.

ఇంట్లోవాళ్లకు ఈ విషయం ఇక మోయకండి. అమ్మ అడిగితే "మేం మాట్లాడుకుంటున్నాం" అనండి. పిన్నికి మీరు జవాబు చెప్పక్కర్లేదు, బాబాయి చెబుతారు.

చివరిగా ఆ మెసేజ్. గోడౌన్లో ఇద్దరూ మాట్లాడుకుంటే ఆయనకు కొంత చల్లబడుతుంది గానీ, పదిమంది చూసింది పదిమందిలోనే ఉంటుంది. అదే గ్రూపులో, మామూలు మాటల్లో రాయండి: "బాబాయ్, ఆ రోజు సిరప్ సంగతి ఇక్కడ పెట్టడం నా తప్పు. ముందు మీతో మాట్లాడాల్సింది." సిరప్ ఉండిపోవడం తప్పు కాదని మాత్రం రాయకండి, అది అబద్ధం. ఓనర్‌కి దాన్ని ఒడియాలో చెప్పే పని ఆ కుర్రాడికి వదలకుండా ఈసారి మీరే చేయండి, బాబాయి అక్కడ ఉండగా.