నొప్పి లేకపోయినా పంటికి ఎక్స్‌రే ఎందుకు అంటున్నారు?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. క్లీనింగ్‌కి వెళ్తే, నొప్పేమీ లేకపోయినా డెంటిస్ట్ ఎక్స్‌రే తీయాలన్నారు. పోయినేడాది కూడా తీశారు. ఇన్నిసార్లు తీయించుకుంటే రేడియేషన్‌తో ప్రమాదమా? మా ఏడేళ్ల పాపకి కూడా తీస్తామంటున్నారు, తీయించొచ్చా?

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దామండీ. నోట్లో చిన్న సెన్సర్ పెట్టి రెండు మూడు పళ్లకి తీసే డిజిటల్ ఎక్స్‌రేలో పడే రేడియేషన్ మామూలుగా 10 మైక్రోసీవర్ట్‌ల (రేడియేషన్ కొలిచే యూనిట్) లోపే. అసలు ఏ ఎక్స్‌రే తీయించుకోని మనిషికి కూడా నేల నుంచీ గాలి నుంచీ తినే తిండి నుంచీ ఏడాదికి సగటున 2,400 మైక్రోసీవర్ట్‌లు పడుతూనే ఉంటాయి, అంటే రోజుకి ఆరేడు. దవడ మొత్తం కనిపించే ఓపీజీకి కాస్త ఎక్కువ, సుమారు 10 నుంచి 25. సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ మాత్రం వేరే లెక్క, వందల్లోకి కూడా పోతుంది. ఇంప్లాంట్ వేసేటప్పుడో, నరానికి దగ్గరగా ఇరుక్కున్న జ్ఞానదంతం తీసేటప్పుడో దాంతో పని పడుతుంది గానీ ఊరికే చెకప్‌కి కాదు.

ఇక నొప్పి లేదు కదా అనే మాట. పుచ్చు నరం దగ్గరికి వెళ్లేదాకా చాలామందికి నొప్పి తెలీదు, నరం చచ్చిపోయిన పన్నయితే వేరు చివర చీము పట్టి ఎముక కరుగుతున్నా ఏమీ అనిపించకపోవచ్చు. రెండు పళ్లు ఆనుకునే చోట, పాత ఫిల్లింగ్ కింద, చిగురు లోపల ఎముక ఎంత తగ్గిందన్నది, ఇవన్నీ అద్దం పెట్టి చూస్తే కనపడవు, వీటికోసమే పళ్లు కొరికి పట్టుకోమని బైట్‌వింగ్ అనే ఎక్స్‌రే తీస్తారు. అలాగని ఎక్స్‌రేలో అన్నీ దొరికిపోతాయని కూడా అనుకోవద్దు. పంటిలో ఖనిజం 30 నుంచి 40 శాతం దాకా పోతే తప్ప పుచ్చు బొమ్మలో స్పష్టంగా పడదు, సన్నటి పగుళ్లు తరచూ తప్పిపోతాయి, చిగుళ్ల వాపు అసలే తెలీదు. అందుకే నోరు చూడకుండానే, కుర్చీలో కూర్చోగానే ముందు ఎక్స్‌రే అనడం నాకైతే నచ్చదు. ముందు చూడాలి, అనుమానం రావాలి, అప్పుడు తీయాలి.

ఎన్నాళ్లకోసారి అంటే అందరికీ ఒకే లెక్క లేదు. అమెరికాలో డెంటిస్టుల కోసం 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పుచ్చు లేని, వచ్చే రిస్క్ కూడా లేని పెద్దవాళ్లకి బైట్‌వింగ్ 24 నుంచి 36 నెలలకోసారి చాలు, అదే పుచ్చులు పడుతూ ఉంటేనో, రిస్క్ ఎక్కువుంటేనో 6 నుంచి 18 నెలలకోసారి. కాబట్టి పోయినేడాది అంతా బాగుందని చెప్పి ఈ ఏడాది మళ్లీ తీస్తామంటే "ఏం చూడాలని తీస్తున్నారు డాక్టర్‌గారూ" అని అడగండి, తప్పేం లేదు. సరైన కారణం ఉంటే ఆయనే చెప్తారు. పోయినసారి బొమ్మ ఫోన్‌లో పంపించమని తీసుకోండి, డాక్టర్ మారినా మళ్లీ తీయాల్సిన పని తప్పుతుంది, పైగా పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తేనే పుచ్చు పెరిగిందా లేదా తెలుస్తుంది.

పాప విషయానికొస్తే, పాలపళ్ల మధ్య సందులుండి పక్కలు కంటికే కనిపిస్తుంటే బైట్‌వింగ్ అక్కర్లేదు. దవడ పళ్లు ఒకదానికొకటి ఆనుకునుండి, ఇప్పటికే ఒకటో రెండో పుచ్చాయంటే మాత్రం తీయించండి, భయపడొద్దు. పిల్లల సైజుకి తగ్గట్టు డోస్ తగ్గించి, చిన్న సెన్సర్‌తో తీస్తారు.

ఇంకోటి, సీసం ఏప్రన్ వేయలేదని చాలామంది కంగారుపడతారు. ఇప్పటి మెషీన్లలో కిరణం కావాల్సిన చోటికే పడుతుంది కాబట్టి ఏప్రన్, మెడకి కాలర్ అవసరం లేదని 2024లో అమెరికన్ డెంటల్ అసోసియేషనే చెప్పింది. వేస్తే నష్టమా అంటే, ఓపీజీలో కాలర్ అడ్డొచ్చి బొమ్మ పాడైతే మళ్లీ తీయాల్సొస్తుంది, అదే అసలు నష్టం.

గర్భం ఉంటేనో, అనుమానం ఉంటేనో ముందే చెప్పండి. రొటీన్‌వి కాన్పయ్యాక తీయించుకోవచ్చు గానీ వాపు, చీము, నిద్రపట్టని నొప్పి ఉంటే మాత్రం అప్పుడు కూడా ఎక్స్‌రే ఆపక్కర్లేదు, ముదిరే ఇన్ఫెక్షన్‌తోనే ఎక్కువ ప్రమాదం.