రోల్‌ప్లే రౌండుకు పొయ్యే ముందు

పాపా,

హోటల్ వాళ్లు ఉద్యోగం ఇంటర్వ్యూలో రెండో రౌండుకు రోల్‌ప్లే, అంటే గెస్టు వచ్చినట్టు పెట్టి నిన్ను మాట్లాడించేది, పెడతారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నటన రాదని నువ్వు దిగులు పడతావుండావంట. ఇది వేషం కట్టే పని కాదులే. సగం సంగతి చీటీలో రాసి నీకిస్తారు, మిగతా సగం గెస్టుగా కూర్చున్న మనిషి దగ్గర ఉంటుంది. అడిగితేనే బయటికొస్తుంది. అడుగుతావా లేదా అని చూసేదానికే ఈ రౌండు.

ఒక్కో చోట ఒక్కో రకంగా ఉన్నా, మామూలుగా చీటీ చదువుకునేదానికి 5 నుంచి 10 నిమిషాలు, మాట్లాడేదానికి 8 నుంచి 15 నిమిషాలు ఇస్తారు. చీటీ రెండుసార్లు చదువు. రెండోసారి పెన్ను పట్టుకొని మూడింటి కింద గీత గీయి: నువ్వెవరు, నీ చేతిలో ఏముంది (రూము మార్చచ్చా, డబ్బు వాపసివ్వచ్చా, మేనేజర్ని అడగాల్నా), వచ్చినాయన ఏం కావాలంటున్నాడు. వెనకపక్క నాలుగు ప్రశ్నలు రాసుకో. డైలాగులు మాత్రం రాసుకోవద్దు. అవతలాయన మొదటి మాటకే అవి గల్లంతైపోయి, నువ్వు కాగితం చూస్తూ నిలబడతావు.

మన తిరుపతి హోటల్ కాబట్టి ఇట్లాంటిది ఇవ్వచ్చు. పొద్దున 6 గంటలు. ఆరుమంది కుటుంబం, అందులో ఒక పెద్దామె, రేణిగుంటలో రైలు దిగి నేరుగా వచ్చింది. బుక్ చేసింది రెండు రూములు, చెకిన్ మధ్యాహ్నం 12కి. ఒక్క రూమే ఖాళీ అయింది, అదీ ఇంకా ఊడవలేదు. పెద్దాయన కౌంటర్ మీద చెయ్యి చరిచి, "డబ్బులు కట్టించుకొని రోడ్డు మీద నిలబెడతారా?" అంటాడు.

చాలామంది ఇక్కడే "చెకిన్ పన్నెండుకి సార్, బుకింగ్‌లోనే ఉంది సార్" అని మొదలుపెడతారు. మాట నిజమే, కానీ ఆయన గొంతు ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఇంకొందరు భయపడి "టిఫిన్ ఫ్రీగా ఇస్తాం సార్" అంటారు. చీటీలో లేని వరం ఇస్తే మార్కు పోయినట్టే, రేపు కౌంటర్లో కూడా ఇట్లే పంచిపెడతావనుకుంటారు.

ఆయన మాట పూర్తయ్యేదాకా గమ్మునుండు. "శాంతించండి" అనొద్దు, ఆ మాటకు శాంతించిన మనిషి ఇంతవరకు లేడు. "రాత్రంతా ప్రయాణం చేసొచ్చినారు, అమ్మగారు నిలబడలేకపోతున్నారు. ముందు ఆమెను సోఫాలో కూర్చోబెడదాం సార్" అను. ఆ వెంటనే, "దర్శనం ఎన్ని గంటలకు సార్?" అని అడుగు. దాచిపెట్టిన చీటీ అప్పుడు తెరుచుకుంటుంది: "పదికి కొండమీద ఉండాల." అంటే వాళ్లకు ఇప్పుడు కావాల్సింది స్నానం, సామాను పెట్టుకునే చోటు, టైముకు బండి. రెండు రూములతో ఇప్పటికిప్పుడు పనే లేదు. "అరగంటలో ఒక రూము క్లీన్ చేయిస్తా, స్నానాలు కానివ్వండి. సామాన్లకు ట్యాగ్ వేసి ఇక్కడే పెడతాం. ఎనిమిదికి బయల్దేరితే సరిపోతుంది. మీరు దిగొచ్చేసరికి రెండు రూములూ సిద్ధంగా ఉంటాయి." రూము ముందుగా ఇచ్చే అధికారం నీకు లేదని చీటీలో ఉంటే, "మేనేజర్ని అడిగి 5 నిమిషాల్లో మీ దగ్గరికే వచ్చి చెప్తా" అను. చివర్లో ఒప్పుకున్నవన్నీ ఒకసారి తిరగ చెప్పి, ఆధార్ కార్డులు అడిగి ముగించు.

8 నిమిషాలిస్తే 1 నిమిషం పలకరింపు, 3 అడిగేదానికి, 3 దారి చూపేదానికి, 1 ముగింపుకు. మధ్యలో మాట తోచకపోతే, అప్పటిదాకా ఆయన చెప్పింది నీ మాటల్లో చెప్పి "అంతేనా సార్?" అను. ఊపిరి తీసుకునే టైము దొరుకుతుంది.

ఇంకో తప్పు అందరూ చేస్తారు: "అప్పుడు నేను ఆయనకు సారీ చెప్తాను మేడమ్" అని పక్కన మార్కులేసే ఆమెకు వివరిస్తారు. ఆమె గదిలో లేదనుకో. ఎదురుగా ఉన్నాయనకే సారీ చెప్పు. అరవమో హిందీయో మాట్లాడే గెస్టు రావచ్చు కాబట్టి ఏ భాషలో జరుగుతుందో మొదలుపెట్టక ముందే అడుగు.

మీ తమ్ముడు చిత్తూరులో బ్యాంకు సేల్స్ ఉద్యోగానికి పోతున్నాడు కదా, వాడికీ ఇదే సూత్రం. తోతాపురి మామిడి డబ్బు చేతికొచ్చిన రైతు ఎదురుగా కూర్చుంటే, "ఈ డబ్బుతో ఎప్పుడు అవసరం పడుతుందన్నా?" అని అడగకుండా మూడేళ్ల డిపాజిట్ ఊసెత్తొద్దను. రెండు నెలల్లో కూతురి కాలేజీ ఫీజు కట్టాలన్న సంగతి ఆ రైతు జేబులో ఉండచ్చు.

సాధనకు ముగ్గురు కావాల. ఒకరు గెస్టు, ఒకరు నువ్వు, ఒకరు గడియారం చూస్తూ రాసుకునేవాళ్లు. గెస్టు దగ్గర నీకు చూపించని చీటీ ఒకటి ఉండాల. అది లేకుండా చేస్తే ఊరికే కబుర్లే. రోజుకు రెండు ఆటలు, మూడు రోజులు. ఫోన్లో రికార్డు చేసి, నువ్వు అడిగిన ప్రశ్నలు లెక్కపెట్టు. నాలుగుకు తక్కువైతే మళ్లీ ఆడు. "యాక్చువల్‌గా" ఎన్నిసార్లు అన్నావో కూడా లెక్కపెట్టు, నవ్వొస్తుంది.

అసలు రౌండు అయిపోయినాక "ఎట్లా చేశారనుకుంటున్నారు?" అని అడుగుతారు. బాగా కుదిరింది ఒకటి, మళ్లీ చేస్తే మార్చుకునేది ఒకటి చెప్పు. "ఆయన మరీ మొండిగా ఉన్నారు" అనొద్దు. మొండిగా ఉండమనే ఆయనకు రాసిచ్చినారు.

మొదటి రికార్డింగ్ నాకు పంపు, విని రాత్రికి ఫోన్ చేస్తా.

మీ పెద్దమామ