గీతా శ్లోకాలు ఆపేయండి, ముందు అత్తమ్మని అడగండి

ప్రశ్న: మా అత్తమ్మకి 68 ఏళ్లు. పాంక్రియాస్ కేన్సర్, నాలుగో స్టేజ్. కీమో ఇక పని చేయట్లేదు, ఇంటికి తీసుకెళ్లి బాధ లేకుండా చూసుకోండి అన్నారు డాక్టర్లు. నొప్పికి మార్ఫిన్ ట్యాబ్లెట్లు ఇస్తున్నాం. పాటలు వినిపిస్తే మంచిదని ఎవరో చెబితే మా ఆడపడుచు బ్లూటూత్ స్పీకర్ కొనుక్కొచ్చి మంచం పక్కనే పెట్టి పొద్దున లేచినప్పటినుంచి గీతా శ్లోకాలు నడిపిస్తోంది. అత్తమ్మ మొహం గోడవైపు తిప్పుకుని పడుకుంటోంది. ఆపితే ఆడపడుచుకి కోపం, ఆపకపోతే నాకు మనసొప్పట్లేదు. అసలు పాటల వల్ల లాభం ఉందా? ఆఖర్లో స్పృహ లేనప్పుడు కూడా వినిపిస్తదంటారు, నిజమేనా?
— ఓ కోడలు, రామంతాపూర్

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ స్పీకర్ ఆపేయండి. ఆడపడుచు అడిగితే ఈ పేజీ చూపించండి, పర్లేదు.

మన హైదరాబాద్‌లో ఆ శ్లోకాలు ఎక్కువగా ఎక్కడ వినిపిస్తాయో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. వైకుంఠ రథం గల్లీలోకి వచ్చేటప్పుడు వినిపిస్తాయి, అది చెవిన పడగానే ఎవరు పోయారో అని గల్లీ మొత్తం గేటు దగ్గరికొస్తది. రోజూ పారాయణం చేసుకునే వాళ్లకైతే గీతని మించిన ధైర్యం లేదు, అట్లాంటి వాళ్లకి తప్పకుండా పెట్టండి. కానీ జీవితమంతా చావింటి ముందు మాత్రమే ఆ శ్లోకాలు విన్న మనిషి పక్కన అదే పెడితే, నేనింకా ఉన్నా కదా అప్పుడే పంపించేస్తున్నారా అనిపించదూ? మీ అత్తమ్మ మనసులో ఏముందో నాకు తెలీదు, కానీ గోడవైపు తిరగడం కూడా ఒక జవాబే, అది మీకు అర్థమైంది కాబట్టే కదా ఉత్తరం రాశారు.

అడగండి ఆవిణ్ని. ఏం పాట వింటావు అంటే ఏదో ఒకటి పెట్టవే అంటారు, అందరూ అంతే. అట్లా కాదు, చిన్నప్పుడు ఊళ్లో నాట్లేసేటప్పుడు ఏం పాడేవాళ్లు, పెళ్లైన కొత్తల్లో ఏ సినిమాకి పోయారు, రేడియోలో ఏ ప్రోగ్రాం కోసం వంట తొందరగా ముగించేవారు, ఇట్లా అడగాలి. వద్దు అంటే వద్దే. ఒంట్లో ఏదీ తన చేతిలో లేని మనిషికి కనీసం 'ఆ పాట ఆపు' అనే హక్కన్నా మిగలాలి.

నేను పాలియేటివ్ టీమ్‌తో, అంటే రోగం నయం కాని వాళ్లకి బాధ తగ్గించే టీమ్‌తో, ఇళ్లకి తిరుగుతుంటా. మల్కాజ్‌గిరిలో ఒక పెద్దావిడ రెండు రోజులుగా ఎవరితో మాట్లాడట్లేదు, కళ్లు మూసుకునే ఉంది. కూతురు నడుం కింద దిండు సర్దుతూ ఊరికే తనలో తాను బతుకమ్మ పాట ఎత్తుకుంది. చరణం చివర ఉయ్యాలో అనేసరికి పెద్దావిడ కుడిచేయి దుప్పటి మీంచి లేచి ఎడమచేతి మీద పడింది. ఎడమ అరచేతి వెనక మందులెక్కించే సూది గొట్టం, క్యాన్యులా ఉంది, అందుకని మణికట్టు దగ్గర మెల్లగా తట్టింది. మళ్లీ ఉయ్యాలో, మళ్లీ చిన్న చప్పట. కూతురికి ఏడుపొచ్చి గొంతు ఆగిపోతే పెద్దావిడే పెదాలు కదిపి తర్వాతి మాట అందించింది. స్పీకరూ లేదు ఏమీ లేదు, పాడిన అమ్మాయికి శ్రుతి కూడా సరిగా లేదు నిజం చెప్పాలంటే.

లాభం ఉందా అంటే ఉంది, కానీ దేనికో తెలుసుకోవాలి. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (ఆఖరి దశలో ఉన్నవాళ్లని చూసుకునే చోటు) పెట్టిన డాక్టరమ్మ సిసిలీ సాండర్స్, నొప్పి ఒక్క ఒంట్లోనే ఉండదు, భయం, ఇంట్లోవాళ్ల గురించి దిగులు, నాకే ఎందుకిట్లా అనే బాధ అన్నీ కలిసే వస్తాయని చెప్పి దానికి టోటల్ పెయిన్ అని పేరు పెట్టింది. ఒంటి నొప్పిని మార్ఫిన్ చూసుకుంటది, పాట మిగతావాటి దగ్గరికి పోతది. పాలియేటివ్ కేర్ అన్న మాటని వాడుకలోకి తెచ్చిన కెనడా డాక్టర్ బాల్ఫోర్ మౌంట్, సుసాన్ మన్రో అనే మ్యూజిక్ థెరపిస్టుతో కలిసి 1978లోనే దీని మీద పేపర్ రాశాడు. కానీ ఆఖరి దశ పేషెంట్ల మీద జరిగిన ట్రయల్స్‌ని 2010లో కాక్రేన్ అని వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే సంస్థ వాళ్లు ఒకచోట చేర్చి చూస్తే దొరికినవి ఐదే, మొత్తం 175 మంది. బతికినన్ని రోజులు కాస్త బాగా గడవడానికి పనికి రావొచ్చు అని తేలింది గానీ, నొప్పి తగ్గిస్తదని గట్టి ఆధారం దొరకలేదు. కాబట్టి పాట పెట్టాం కదా అని మార్ఫిన్ ఒక్క డోస్ కూడా వెనక్కి జరపొద్దు.

ఎట్లా పెట్టాలంటే, స్పీకర్ చెవి దగ్గర వద్దు, కాళ్లవైపు బీరువా మీద పెట్టి, మీరు పక్కన కూర్చుని మామూలుగా మాట్లాడితే ఒకరికొకరు వినిపించేంత సౌండే ఉంచండి. అరగంట చాలు, తర్వాత నిశ్శబ్దం కూడా కావాలి మనిషికి. యూట్యూబ్‌లో డైరెక్టుగా పెట్టకండి, జోలపాట మధ్యలో పెయింట్ యాడ్ గట్టిగా మొదలైతే ఆవిడ ఉలిక్కిపడతది, నా కళ్లతో చూశా. ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. స్నానం చేయించే ముందు, డ్రెస్సింగ్ మార్చే ముందు ఒక పది నిమిషాలు పెడితే ఆ పని కొంచెం తేలికవుతది. హియరింగ్ ఎయిడ్ ఉంటే బ్యాటరీ చూడండి, చాలామంది మర్చిపోయేది ఇదే. ఆయాసంతో కంగారుగా ఉన్నప్పుడు ఒక్కసారిగా నిదానంగా సాగే వీణ పెడితే అతకదు, ఆ కంగారుకి దగ్గరగా ఉన్న పాటతో మొదలుపెట్టి మెల్లగా వేగం తగ్గించుకుంటూ పోవాలి, థెరపిస్టులు దీన్ని ఐసో ప్రిన్సిపుల్ అంటారు. రికార్డుకి ఆవిడ ఊపిరి కనపడదు, పాడే మనిషికి కనపడతది, అందుకే మీ గొంతే బెటర్ అంటా. నుదురు ముడిపడ్డా, ఊపిరి వేగం పెరిగినా, చేత్తో దుప్పటి లాగుతున్నా ఆపేయండి. కన్నీళ్లొస్తే మాత్రం వెంటనే ఆపకండి, చేయి పట్టుకుని ఆపమంటావా అని అడగండి, చాలాసార్లు వద్దు ఉండనీ అంటారు.

ఇక స్పృహ లేనప్పటి సంగతి. 2020లో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వాళ్లు వాంకోవర్‌లో ఒక హాస్పిస్‌లో ఆఖరి గంటల్లో ఉన్న, పలకరిస్తే పలకని మనుషులకి ఈఈజీ (మెదడులో కరెంటు అలల్ని చూసే పరీక్ష) పెట్టి శబ్దాలు వినిపించారు. కొందరి మెదడు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మెదడులాగే స్పందించింది. విన్నది అర్థమైందా అన్నది ఆ స్టడీ తేల్చలేదు. అయినా నేను మాత్రం వింటున్నారనుకునే మాట్లాడమంటా. ముఖ్యంగా మంచం పక్కన నిలబడి ఆస్తి పంపకాలు, అంత్యక్రియల ఏర్పాట్లు మాట్లాడొద్దు, బాల్కనీలోకి పొండి.

సాయం కావాలంటే ఎం.ఎన్.జే. కేన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది, ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ ఉంది, డబ్బులు తీసుకోరు. ఆడపడుచుకేమో ఒక పని అప్పజెప్పండి, అత్తమ్మ చెల్లెళ్లకి ఫోన్ చేసి చిన్నప్పటి పాటలు కనుక్కోమనండి. ఆమెకీ తల్లే కదా, ఖాళీ చేతుల్తో కూర్చోలేక స్పీకర్ కొనుక్కొచ్చింది.

ప్రశ్న: ఫలానా రాగానికి ఫలానా రోగం తగ్గుతదని వాట్సాప్‌లో లిస్టు వచ్చింది. మా నాయినకి లివర్ కేన్సర్, ఆఖరి స్టేజ్. కర్ణాటక సంగీతం ఆయనకి అస్సలు తెలీదు, బరాత్‌లలో వాయించే మర్ఫా డప్పులంటే ప్రాణం. ఏ రాగం పెట్టాలి?
— ఒక పాఠకుడు, కార్వాన్

జవాబు: ఏ రాగానికీ కేన్సర్ తగ్గదు తమ్ముడూ, ఆ లిస్టు డిలీట్ చేసెయ్. నాయినకి మర్ఫానే పెట్టు, సౌండ్ తక్కువగా, ఒక పది నిమిషాలు. కాలి వేళ్లు కదులుతాయేమో చూడు. పక్కింటివాళ్లు ఇదేంది ఇట్లాంటి టైంలో అనుకుంటారేమో, వాళ్లకి ముందే ఒక మాట చెప్పి పెట్టు.