కుక్కగొడుగు అంటే విషమనేనా?

సందేహం: అడవి దారుల్లో నడకకు వెళ్లేవారి కోసం చిన్న కరపత్రం రాస్తున్నాను. తినదగినవాటిని పుట్టగొడుగులనీ, విషమున్నవాటిని కుక్కగొడుగులనీ వేరు చేసి రాయవచ్చా? ‘విషతుల్యమైన పుట్టగొడుగులు’ అంటే బాగుంటుందని మా మిత్రుడి సలహా.

సమాధానం: రెండూ వద్దు.

‘పుట్టగొడుగు’లో పుట్ట అంటే చెదపుట్ట. ఆ పేరు మొలిచే చోటు చెబుతుంది, ఆకారం చెబుతుంది. తినవచ్చని ఎక్కడా చెప్పదు. చెట్టు మొదట్లో, కుళ్లిన దుంగ మీద మొలిచినవాటినీ అలాగే పిలుస్తున్నాం. ‘కుక్కగొడుగు’లో ఉన్నదల్లా చిన్నచూపు. కుక్కతులసి, కుక్కవామింట మాటల్లోనూ అంతే: దానిలాగే ఉంటుంది కాని అది కాదు అని. కుక్కతులసి విషం కాదు గదా! పైగా చాలామంది నోట పుట్టగొడుగు, కుక్కగొడుగు ఒకటే.

నన్నడిగితే అసలు చిక్కు ‘గొడుగు’ దగ్గరే ఉంది. ఆ మాట మన చూపును పై టోపీ మీదే నిలుపుతుంది. డెత్ క్యాప్ అని పిలిచే, ప్రాణాలు తీసే పుట్టగొడుగు అమానిటా ఫాలాయిడిస్ టోపీ లేత ఆకుపచ్చగానో, పసుపు కలిసిన తెలుపుగానో సాదాగా ఉంటుంది. చూస్తే అనుమానం రాదు. గుర్తులన్నీ కిందే: టోపీ అడుగున తెల్లటి మడతలు, కాడకు ఉంగరం, మొదట్లో సంచిలాంటి తొడుగు. ఆ తొడుగు తరచు మట్టిలో ఉండిపోతుంది, కాడను పైన కోస్తే సాక్ష్యం పోయినట్టే. ఉడికించినా విషం పోదు. వాంతులు మొదలయ్యేసరికి సాధారణంగా 6 గంటలు దాటుతాయి. తర్వాత కాస్త తేరుకున్నట్టు అనిపించినా లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. నత్తలు కొరికిందైతే మంచిదే అన్న నమ్మకాన్ని మాత్రం కరపత్రంలోకి రానివ్వకండి. నత్తకు పడింది మనకు పడాలని లేదు.

ఇక విషతుల్యం. తుల్యమంటే సమానం. పాడైన భోజనాన్ని విషతుల్యం అనవచ్చు; డెత్ క్యాప్‌లో ఉన్నది సాక్షాత్తూ విషమే, పోలికతో పనేముంది? పత్రికల్లో కనిపించే ‘విషపూరితం’ తప్పేమీ కాదు కాని, ఎవరో పనిగట్టుకుని విషం నింపినట్టు వినిపిస్తుంది నాకు. ‘విషపు పుట్టగొడుగు’ అనండి. సరసము, మాట కలిసి సరసపు మాట అయినట్టే ఇదీ పుంప్వాదేశ సంధి. సంధి పేరు గుర్తులేకపోయినా నోటికి సులువు. డెత్ క్యాప్‌ను మాత్రం అలాగే ఉంచండి. దానికి తెలుగు పేరు కల్పిస్తే, ప్రమాదం జరిగినప్పుడు డాక్టరుకు ఏ జాతో చెప్పడం ఇంకా కష్టమవుతుంది.