స్పైడర్ మ్యాన్ హోమ్‌కమింగ్ ఎలా ఉంది? పాత స్పైడర్ మ్యాన్ చూసి పెరిగినవాళ్ళకి ఎక్కుతుందా?

మీరు అడిగింది ఇదీ: మీ వాడు టెన్త్, 2017 జూలైలో వచ్చిన ఈ కొత్త స్పైడర్ మ్యాన్‌కి తీసుకెళ్లమని ప్రాణం తీస్తున్నాడు, మీరేమో పాత స్పైడర్ మ్యాన్ టోబీ మాగ్వైర్ సినిమాలు చూసి పెరిగినవాళ్ళు, ఇది మీకు నచ్చుతుందా, తెలుగులో చూడాలా ఇంగ్లీషులోనా, త్రీడీకి డబ్బులు పెట్టొచ్చా అని. ముందు జవాబు చెప్పేస్తా, తీసుకెళ్లండి. మీ వాడికి పక్కాగా నచ్చుతుంది. మీ సంగతి మాత్రం మీరు ఏం ఆశించి వెళ్తున్నారో దాన్ని బట్టి ఉంటుంది, అది కాస్త వివరంగా చెప్తా.

నాది గుంటూరు. మా అక్క కొడుకు అప్పుడే ఇంటర్ ఫస్టియర్‌లో చేరాడు, విజయవాడ దగ్గర హాస్టల్లో వేశారు. ఆ జూలైలో ఓ ఆదివారం ఔటింగ్ ఇస్తే మా బావకి తీరిక లేదని నన్ను పంపారు. బిర్యానీ తినిపించి, ఓ జత బట్టలు కొనిపెట్టి దింపేద్దామనుకున్నా, వీడు గేటు దాటకముందే మావయ్యా స్పైడర్ మ్యాన్ అన్నాడు. 2017లో ఆ నెల ఒకటి నుంచే జీఎస్టీ వచ్చింది కదా, అప్పట్లో వంద దాటిన టికెట్ మీద 28 శాతం, పైన కళ్ళజోడు డబ్బులు వేరే, సరేలే పిల్లాడు నెలకోసారి బయటికొచ్చాడు అని తీసుకెళ్లా.

మొదట చెప్పాల్సింది, ఇది స్కూల్ సినిమా. అందులో ఒక పిల్లాడికి గోడలెక్కే శక్తి ఉంది, అంతే. ఆ పిల్లాడే పీటర్ పార్కర్, వాడికి ఇందులో 15 ఏళ్ళు. పాత సినిమాల్లోనూ హైస్కూల్ అనే చెప్పారు గానీ 2002లో టోబీ మాగ్వైర్‌ని చూస్తే ఎవరన్నా హైస్కూల్ అనుకుంటారా, ఆ తర్వాత స్పైడర్ మ్యాన్ వేసిన ఆండ్రూ గార్ఫీల్డ్ అయితే 2012లో సినిమా వచ్చేనాటికే 28 ఏళ్ళవాడు. ఇందులో స్పైడర్ మ్యాన్ వేసిన టామ్ హాలండ్‌కి సినిమా వచ్చేనాటికి 21 ఉన్నా మొహం చూస్తే ఇంకా ఇంట్లో బయటికెళ్తా అని పర్మిషన్ అడిగే వయసులాగే ఉంటుంది. లండన్ కుర్రాడు, చిన్నప్పుడు అక్కడ స్టేజి మీద డ్యాన్స్ నాటకం ఆడినవాడు, ఆ గెంతడం దూకడం ఒంట్లోనే ఉంది. ఈ పాత్ర కోసం న్యూయార్క్‌లో ఒక సైన్స్ హైస్కూల్‌కి మారుపేరుతో వెళ్ళి కొన్ని రోజులు క్లాసులో కూర్చున్నాడట, అది తెర మీద తెలుస్తుంది. డైరెక్టర్ జాన్ వాట్స్ కూడా అప్పటికి పెద్ద సినిమాలు తీసినవాడేం కాదు, 2015లో ఇద్దరు చిన్నపిల్లలు పోలీసు కారు ఎత్తుకెళ్ళే ఒక చిన్న సినిమా తీశాడు, అలాంటివాడి చేతిలో ఇంత పెద్ద సినిమా పెట్టారు. పిల్లలు ఎలా అబద్ధం ఆడతారో, ఎలా దొరికిపోతారో ఆయనకి బాగా తెలుసనిపించింది.

కథ మొత్తం చెప్పను. 2016లో వచ్చిన కెప్టెన్ అమెరికా సివిల్ వార్ సినిమాలో టోనీ స్టార్క్, అంటే ఐరన్ మ్యాన్, ఈ పిల్లాణ్ణి ఎయిర్‌పోర్ట్ ఫైట్‌కి తీసుకెళ్తాడు చూడండి, ఆ తర్వాత ఇంటికి దింపేసి, అవసరమైతే పిలుస్తాం అంటాడు. ఇంక పిలవరు. వీడు స్కూల్ అయ్యాక డ్రెస్ వేసుకుని వీధులన్నీ తిరుగుతుంటాడు, చెయ్యడానికి పెద్ద పని ఏం ఉండదు, ఎవడో కొట్టేసిన సైకిల్ పట్టుకుంటే అది ఎవరిదో తెలీదు, ఒకాయన కారు తలుపు తీస్తుంటే దొంగ అనుకుని పట్టుకుంటే అది ఆయన సొంత కారు. రోజూ సాయంత్రం స్టార్క్ మనిషి హ్యాపీ అనే ఆయనకి ఈరోజు ఇది చేశాను అది చేశాను అని మెసేజ్‌లు పెడతాడు, అటునుంచి ఉలుకూ పలుకూ ఉండదు. మా వాడు సినిమా మొత్తంలో ఎక్కువ నవ్వింది ఇక్కడే. సేమ్ మా వార్డెన్ మావయ్యా, లెటర్ ఇస్తే చూస్తాలే అంటాడు అంతే అన్నాడు. ఈ వయసు పిల్లలకి ఇది ఇంతగా ఎందుకు ఎక్కుతుందో నాకప్పుడు అర్థమైంది. వాడికి లోకాన్ని కాపాడాలని ఉంటుంది, లోకమేమో ముందు హోంవర్క్ చెయ్యి అంటుంది.

నాకు భలే నచ్చిన చిన్న సీన్ ఒకటి. స్పైడర్ మ్యాన్ అంటే మనకి మాన్‌హటన్‌లో పెద్ద పెద్ద బిల్డింగుల మధ్య ఊగుతూ పోవడమే కదా. ఇందులో ఒక రాత్రి ఊరి చివర ఇళ్ళ మధ్య ఒక బండి వెంట పడాల్సొస్తుంది, అక్కడ అన్నీ ఒకటీ రెండు అంతస్తుల ఇళ్ళు, పెద్ద మైదానం, వెబ్, అదే సాలీడు దారం, వేద్దామంటే పట్టుకోడానికి పైన ఏం లేదు. ఇంక చేసేదేం లేక ఆ డ్రెస్ వేసుకుని మైదానంలో పడి పరిగెత్తుతాడు, తర్వాత ఇళ్ళ పెరళ్ళలోంచి కంచెలు విరగ్గొట్టుకుంటూ పోతాడు. ఇన్ని సినిమాలొచ్చాయి, ఎత్తైన బిల్డింగులు లేకపోతే వీడి పరిస్థితేంటి అని నేనెప్పుడూ ఆలోచించలేదు. మా వాడైతే కోనసీమలో అయితే కొబ్బరిచెట్లున్నాయి కాబట్టి ప్రాబ్లం లేదు అన్నాడు.

ఇప్పుడు అసలు విషయం, విలన్. నన్నడిగితే ఈ సినిమాని నిలబెట్టింది మైఖేల్ కీటన్. 1989లో బ్యాట్‌మ్యాన్ వేసినాయన, ఇప్పుడు రెక్కలు కట్టుకుని వల్చర్‌గా వచ్చాడు. ఈయన లోకాన్ని నాశనం చేద్దామనుకునే రకం కాదు. టూమ్స్ అని చిన్న కాంట్రాక్టర్. ఐరన్ మ్యాన్ లాంటి హీరోల గుంపు అవెంజర్స్ న్యూయార్క్‌లో ఏలియన్లతో కొట్టుకుని ఊరంతా పాడు చేశాక ఆ చెత్త ఎత్తే కాంట్రాక్టు ఈయనకి వస్తుంది, ఈ పని కోసమే లారీలు కొంటాడు, కొత్త మనుషుల్ని పెట్టుకుంటాడు. ఇంతలో గవర్నమెంటు, స్టార్క్ కలిసి పెట్టిన కొత్త డిపార్ట్‌మెంట్ వాళ్ళు సూట్లేసుకుని వచ్చి, ఇక్కడినుంచి మేం చూసుకుంటాం మీరు సామాను అప్పజెప్పి వెళ్ళండి అంటారు. ఇల్లు పోతుందమ్మా అని బతిమాలతాడు, వినరు. ఊరు పాడు చేసినవాళ్ళే దాన్ని బాగుచేయడానికి డబ్బు తీసుకుంటున్నారు అని ఆయన మనుషులు అనుకుంటారు చూడండి, అక్కడ నాకు విలన్ మీద కోపం రాలేదు. మన దగ్గర అప్పు తెచ్చి ప్రొక్లెయిన్ కొన్న సబ్ కాంట్రాక్టర్‌కి పై నుంచి ఒక్క ఫోనొచ్చి వర్క్ పోయినట్టుంటుంది ఆ సీను. ఆ కోపంలోనే అప్పజెప్పకుండా మిగిలిన ఏలియన్ సామానుతో ఆయుధాలు చేసి దొంగతనంగా అమ్ముకోవడం మొదలెడతాడు. చేసింది తప్పే, కానీ ఎందుకు చేశాడో హాల్లో ప్రతివాడికీ తెలుసు.

ఈ పేరాలో స్పాయిలర్ ఉంది, చూడనివాళ్ళు దాటేయండి. పీటర్ స్కూల్ డ్యాన్స్‌కి లిజ్ అనే అమ్మాయిని తీసుకెళ్ళడానికి సూటేసుకుని, పువ్వు పట్టుకుని వాళ్ళింటికెళ్ళి బెల్ కొడతాడు. తలుపు తీసేది టూమ్స్. ఆ అమ్మాయి తండ్రి! హాల్లో ఒక్కసారిగా హో అన్నారు, పక్క సీట్లో ఎవరో పాప్‌కార్న్ పడేసుకున్నారు కూడా. కానీ దీనికంటే తర్వాత కారు సీను ఇంకా బాగుంటుంది. తండ్రి డ్రైవ్ చేస్తుంటాడు, అమ్మాయి ఫోన్ చూసుకుంటూ మధ్యమధ్యలో మామూలుగా మాట్లాడుతుంటుంది, పీటర్ స్టార్క్ దగ్గర పని చేస్తాడు నాన్నా, స్పైడర్ మ్యాన్ తెలుసంట, ఆరోజు వాషింగ్టన్‌లో సడెన్‌గా మాయమైపోయాడు అని. ఈయన అద్దంలో ఆ పిల్లాడి మొహం చూస్తుంటాడు, నీ గొంతు ఎక్కడో విన్నానే అంటాడు. సిగ్నల్ దగ్గర కారు ఆగుతుంది. ఆయన మొహం మీద రంగు మారుతుంది, ఆయనకి మొత్తం అర్థమైపోతుంది, అమ్మాయి నాన్నా గ్రీన్ పడింది అంటుంది. ఫైట్ లేదు, గ్రాఫిక్స్ లేవు, ఒక కారు, ముగ్గురు మనుషులు. దిగే ముందు పిల్లని పంపించి, తుపాకీ తీసి, నువ్వు నా కూతురి ప్రాణం కాపాడావు కాబట్టి ఒక్కసారికి వదిలేస్తున్నా, లోపలికెళ్ళి డ్యాన్స్ చేసుకో, నా జోలికొస్తే నిన్నూ నీవాళ్ళనీ చంపుతా అని, చివర్లో ఆ పిల్లాడి చేత థాంక్స్ కూడా చెప్పించుకుంటాడు. నాకు ఆడపిల్ల తండ్రులు గుర్తొచ్చి నవ్వొచ్చింది, భయమూ వేసింది. స్పాయిలర్ ఇక్కడితో అయిపోయింది.

ఇంక మీకు ఏం దొరకదో చెప్తా. పీటర్‌ని పెంచిన బెన్ అంకుల్ చావు లేదు, పెద్ద శక్తి పెద్ద బాధ్యత డైలాగు లేదు, సాలీడు కుట్టడం చూపించరు, ఫ్రెండ్‌తో మాటల్లో తేల్చేస్తారు. మంచిదే, ఇప్పటికే రెండుసార్లు చూశాం కదా. కానీ దాంతోపాటు ఆ బరువు కూడా పోయింది. 2004లో వచ్చిన రెండో పార్ట్‌లో ట్రైన్ ఆపి పడిపోతే జనం చేతుల మీద మోసుకెళ్తారు గుర్తుందా, అలా గొంతు పట్టేసే సీను ఇందులో లేదు. దగ్గరగా వచ్చేది ఒక్కటే, బిల్డింగ్ తన మీద కూలి పీటర్ శిథిలాల కింద ఇరుక్కుని ఎవరన్నా ఉన్నారా కాపాడండి అని చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు, నీళ్ళ మడుగులో సగం తన మొహం, సగం మాస్క్ కనిపిస్తుంది. 1966లో స్టీవ్ డిట్కో బొమ్మలేసిన కామిక్ సీన్‌నే మళ్ళీ తీశారు, ఆ కామిక్ చూసినవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. అంతవరకు జోకులేసుకుంటూ తిరిగిన పిల్లాడు కదా, అక్కడ నిజంగా జాలేస్తుంది.

లవ్ ట్రాక్ వీక్. పాత సినిమాల హీరోయిన్ మేరీ జేన్‌ని, తలకిందుల ముద్దునీ మనసులో పెట్టుకుని వెళ్తే నిరాశే. పీటర్‌ని పెంచే మే ఆంటీగా మరిసా టోమే వేసింది, మన కళ్ళకి ఇంకా ఆ పాత ముసలావిడే ఆంటీ కాబట్టి అలవాటు పడటానికి టైం పడుతుంది. ఇంకోటి, ఆ స్టార్క్ ఇచ్చిన డ్రెస్సు మరీ ఓవర్, అందులో ఒక ఆడగొంతు మాట్లాడుతుంటుంది, అన్నీ అదే చెప్తుంది, అన్నీ అదే చేస్తుంది, మధ్యలో కాసేపు నేను ఐరన్ మ్యాన్ సినిమాకొచ్చానా అనిపించింది. డ్రెస్ వెనక్కి లాక్కున్నాకే సినిమా మళ్ళీ స్పైడర్ మ్యాన్ సినిమా అయింది. స్క్రీన్‌ప్లేకి ఆరుగురి పేర్లేశారు, ఆరుగురూ కలిసి ఒక చిన్న లెక్క తప్పారు, ఏలియన్లతో న్యూయార్క్ యుద్ధం అయ్యాక 8 ఏళ్ళకి అని వేస్తారు, ఆ యుద్ధం 2012లో, అంటే ఈ కథ 2020లో జరగాలి, సివిల్ వార్ ఏమో 2016దే. మీ వాడు ఈ మార్వెల్ కంపెనీ సూపర్ హీరో సినిమాల పిచ్చోడైతే ఇంటర్వెల్‌లో ఇదే మాట్లాడతాడు, రెడీగా ఉండండి.

త్రీడీ వద్దు. ఇది గట్టిగా చెప్తున్నా. చివరి ఫైట్ రాత్రిపూట విమానం మీద, ఆ విమానమేమో కనపడకుండా దాక్కునే రకం, దాని ఒంటి మీద లైట్లు మిణుకుమిణుకుమంటుంటాయి. అసలే చీకటి, పైన ఆ నల్ల కళ్ళజోడు, ఎవడు ఎవణ్ణి కొడుతున్నాడో నాకు సగం అర్థం కాలేదు. ఫెర్రీ పడవ రెండు ముక్కలయ్యే సీను పగలు కాబట్టి బాగుంది. టూడీ దొరికితే టూడీకే వెళ్ళండి, మిగిలిన డబ్బులతో సమోసాలు తినండి.

భాష విషయానికొస్తే మేం తెలుగులో చూశాం, ఎందుకంటే ఆ టైంకి అదే ఉంది. పిల్లలకి తెలుగే సుఖం, ఈ పిల్లాడు మాట్లాడే స్పీడుకి కింద అక్షరాలు చదవడం కుదరదు. కానీ స్కూల్ జోకులు కొన్ని తెలుగులోకి వచ్చేసరికి చప్పబడ్డాయి, పీటీ క్లాసులో కెప్టెన్ అమెరికా వీడియో వేసి వ్యాయామం చేయిస్తారు, అది ఏ భాషలోనైనా నవ్వొస్తుంది గానీ మిగతావి ఇంగ్లీషులోనే బాగుంటాయి అనుకుంటున్నా. మీ వాడు ఇంగ్లీష్ మీడియం అయితే ఇంగ్లీషుకే పొండి. అన్నట్టు టోనీ స్టార్క్ ఒక సీన్‌లో ఇండియాలో ఏదో ఫంక్షన్లో ఉండి మాట్లాడుతూ వినాయకుడి పేరు తీస్తాడు, మా హాల్లో దానికి విజిల్స్ పడ్డాయి.

హింస, అసభ్యం భయం ఏం పెట్టుకోకండి, టెన్త్ పిల్లాడితో ఇబ్బంది లేకుండా చూడొచ్చు. రెండుంపావు గంటల సినిమా, ఇంటర్వెల్‌తో కలిపి రెండున్నర వేసుకోండి. పేర్లు పడటం మొదలవగానే లేవకండి, మధ్యలో ఒక సీన్ ఉంది, అది కథకి పనికొస్తుంది. అన్ని పేర్లూ పడ్డాక చిట్టచివర ఇంకోటి ఉంది, మా వాడు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు, ఊడ్చేవాళ్ళు చీపుర్లు పట్టుకుని నిలబడి మా వైపే చూస్తున్నారు. దానికోసం కూర్చోవాలా వద్దా అనేది మీ ఓపిక, చూశాక మాత్రం నన్ను తిట్టుకోవద్దు.