శర శశి షట్క: ముందు చదవాల్సింది చివరి అంకె

సందేహం: గణిత కవి పావులూరి మల్లన చదరంగ పద్యం ‘శర శశి షట్క చంద్ర’ అని మొదలవుతుంది. అంటే 5, 1, 6, 1. కానీ మొదటి గడిలో ఒకటి పెట్టి, గడిగడికీ రెట్టింపు చేస్తూ 64 గళ్ళు కూడితే వచ్చే సంఖ్య 18తో మొదలవుతుంది. పైగా సముద్రాలు ఏడు కదా, అబ్ధి, పయోనిధి అన్నచోట 4 ఎందుకు వేస్తున్నారు? ఈ సంఖ్య 3 చేత భాగించబడుతుంది కాబట్టి సరైనదే అనుకోవచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు, దేవరకొండ

సమాధానం: పద్యమూ ఒప్పే, లెక్కా ఒప్పే. ఇలా అంకెలకు బదులు వస్తువుల పేర్లు చెప్పేటప్పుడు ఒకట్ల స్థానం ముందు వస్తుంది, ఆపైన పదులు, వందలు. ‘అంకానాం వామతో గతిః’, అంకెల నడక ఎడమవైపుకు, అన్నది అందుకే. శాసనాల్లో శకవర్షాలకూ ఇదే వరస. పద్యంలో అంకెల మాటలివి: ‘శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు’. చివరి మాట తుహినాంశు, అంటే చంద్రుడు, 1. దాని ముందు కుంజర, 8. వెనక నుంచి రాసుకుంటూ రండి: 18446744073709551615.

పెద్దల మాట అని ఊరుకోనక్కర్లేదు. రెండును రెట్టిస్తూ పోతే ఒకట్ల స్థానంలో 2, 4, 8, 6 తిరుగుతుంటాయి. 64వ సారి 6. మొత్తం దానికి ఒకటి తక్కువ కాబట్టి చివర 5 తప్పదు. మరి శర ఒకట్ల స్థానంలో కాక ఎక్కడుంటుంది!

పిల్లలు తడబడేది సంధి దగ్గర. ‘వియన్నగాగ్ని’ ఒక మాట కాదు: వియత్ (0), నగ (7), అగ్ని (3). ‘గగనాబ్ధి’లో రెండు మాటలు: గగన (0), అబ్ధి (4). ఇవి విడదీయకపోతే ఇరవై అంకెలు లెక్కకు రావు. సాయకమూ బాణమే, మన్మథుడివి ఐదు. పద్మజాస్యమంటే బ్రహ్మ ముఖం, నాలుగు.

ఇక సముద్రాలు. కథల్లో ఏడే. కానీ ప్రవర చెప్పుకునేటప్పుడు ‘చతుస్సాగర పర్యంతం’ అంటాం. లెక్కల కవులు ఎక్కువగా పట్టుకున్నది ఈ నాలుగునే. మీ మూడు పరీక్ష ఇక్కడ పనికిరాదు. అంకెల మొత్తం 87. రెండు సముద్రాలకూ 7 వేస్తే 93. రెండూ మూడుతో పోతాయి, తప్పు దొరకదు! తొమ్మిదితో చూడండి: సంఖ్యకు వచ్చే శేషమే దాని అంకెల మొత్తానికీ వస్తుంది. రెట్టింపులను తొమ్మిదితో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని తిరుగుతాయి. 64వది 7, ఒకటి తీస్తే 6. 87కు శేషం 6, సరిపోయింది. 93కు 3. ఏడు సముద్రాలు ఇక్కడే మునిగాయి.

అన్నట్టు, ‘భాగించబడుతుంది’ పాఠ్యపుస్తకాల తెలుగు. మీ దిక్కు పిల్లలు ‘మూడో ఎక్కంల పోతది’ అంటరు కదా, బడిలో అదే అననివ్వండి.